క్రిస్టీ మూర్‌ను తెలుగులో ఏమనాలి: గాయకుడా, వాగ్గేయకారుడా?

ప్రశ్న: శ్రుతిపెట్టె

ఐర్లండ్ జానపద గాయకుడు క్రిస్టీ మూర్ గురించి ఒక చిన్న పత్రికకు పరిచయ వ్యాసం రాస్తున్నాను. రెండు నెలలుగా ఆయన పాటలే వింటున్నాను. అయినా వ్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లీషులో ఆయనను సింగర్ సాంగ్‌రైటర్ అంటారు. ఆ మాటకు తెలుగులో చాలామంది వాగ్గేయకారుడు అని రాస్తున్నారు. మన శాస్త్రంలో వాక్కు, అంటే పాటలోని మాటలు, మాతువు; గేయం, అంటే బాణీ, ధాతువు. ఆ రెండింటినీ తానే కూర్చగలిగినవాడు వాగ్గేయకారుడు. ఆ కొలత పెట్టి చూస్తే నాకు చిక్కు వచ్చిపడింది.

ఆయన పేరు చెప్పగానే ఐర్లండ్‌లో ఎవరికైనా ముందు గుర్తుకొచ్చే పాటల్లో చాలా భాగం ఆయన రాసినవి కావు. ‘రైడ్ ఆన్’ జిమ్మీ మెకార్తీ రచన. ‘నాన్సీ స్పెయిన్’ బార్నీ రష్ రాసినది. ‘ఆర్డినరీ మ్యాన్’ పీటర్ హేమ్స్‌ది. ‘ద సిటీ ఆఫ్ షికాగో’ రాసినవారు ఆయన తమ్ముడు బారీ మూర్; ఈయనే తరువాత అమెరికా వెళ్ళి లూకా బ్లూమ్ అనే పేరుతో ప్రసిద్ధుడయ్యారు. ‘బ్లాక్ ఈజ్ ద కలర్’ సంప్రదాయ గీతం. ఇన్ని పాటలు పరాయివారివి అయినప్పుడు, ఐర్లండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ 2007లో జీవించి ఉన్న ఐర్లండ్ సంగీతకారులందరిలో ఈయనే గొప్పవారని ప్రకటించడానికి ఆధారం ఏమిటి? గొంతు ఒక్కటేనా? గొంతు మాటకు వస్తే, అంతకంటే తీయని గొంతులు అక్కడ చాలానే ఉన్నాయి.

రెండో సందేహం, 1985లో కోర్టు ఆపివేయించిన పాట గురించి. ఆ పాటను ప్రభుత్వం నిషేధించిందని కొందరు, గాయకుడే వెనక్కు తీసుకున్నారని కొందరు రాశారు. అసలు ఏం జరిగిందో వరుసగా చెప్పగలిగినవారు ఉంటే చెప్పగలరు. వ్యాసంలో ఆ సంఘటనను తప్పుగా రాస్తే చనిపోయినవారికి అపచారం చేసినట్టే అవుతుంది కనుక, ఈ విషయంలో నాకు భయం ఎక్కువగా ఉంది.

సమాధానం: పాతరికార్డు

శ్రుతిపెట్టె గారికి, మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం సూటిగానే ఉంటుంది. ఆయనను వాగ్గేయకారుడు అనకండి. ఆ మాట ఆయన స్థాయికి మించినదని కాదు, ఆయన చేసిన పని వేరు.

ఆ పని ఎక్కడ మొదలైందో చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ఆయన 1945 మే 7న కిల్డేర్ కౌంటీలోని న్యూబ్రిడ్జ్ పట్టణంలో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. చదువు అయ్యాక బ్యాంకులో గుమాస్తాగా చేరారు. 1966లో ఐర్లండ్ బ్యాంకు ఉద్యోగులు వారాల తరబడి సమ్మె చేసినప్పుడు, పని లేని ఆ రోజుల్లో ఇంగ్లండ్ వెళ్ళారు; మళ్ళీ ఆ బ్యాంకు బల్ల దగ్గరకు తిరిగి రాలేదు. అక్కడ దొరికిన కూలిపనల్లా చేస్తూ, సాయంత్రాలు జానపద క్లబ్బుల్లో పాడుతూ కొన్నేళ్ళు గడిపారు. ఈ క్లబ్బుల గురించి ఒక మాట చెప్పాలి. అవి చాలావరకు మద్యశాలల మేడమీది గదులు. అక్కడ ఒక గాయకుడు తన పాట పాడి, ఆ పాట తనకు ఎవరి దగ్గర దొరికిందో చెప్పడం మర్యాద. వినేవారిలో మరొకరు దాన్ని నేర్చుకొని ఇంకో ఊరికి తీసుకుపోతారు. క్రిస్టీ మూర్ పాట నేర్చుకున్న బడి అది. మీరు చెప్పిన ‘బ్లాక్ ఈజ్ ద కలర్’ కూడా ఆయనకు స్కాట్లండ్ గాయకుడు హేమిష్ ఇమ్లాక్ ద్వారా అందినదే.

మొదటి రికార్డు ‘పాడీ ఆన్ ద రోడ్’ 1969లో డొమినిక్ బీహన్ పర్యవేక్షణలో వచ్చింది. ముద్రించినవి 500 ప్రతులే. అసలు మలుపు రెండో రికార్డుతో వచ్చింది. ఇంగ్లండ్‌లో తెలియని వాద్యకారులతో కాక, తన నేల మీద తనకు తెలిసినవారితో పాడాలని ఆయన పట్టుబట్టారు. కిల్డేర్‌లో ప్రాస్పరస్ అనే పల్లెకు దగ్గరగా ఆయన సోదరి కుటుంబం ఉండే పాత భవంతి ఒకటి ఉంది. దాని నేలమాళిగలో 1971లో రికార్డింగు పరికరాలు అమర్చి పాడారు. ఆ రికార్డు ఊరి పేరుతోనే 1972లో విడుదలైంది. వాయించినవారిలో చిన్ననాటి స్నేహితుడు డోనల్ లన్నీ, ఆండీ అర్విన్, లియమ్ ఓఫ్లిన్ ఉన్నారు. ఆ నలుగురే ప్లాంక్స్‌టీ అనే బృందం అయ్యారు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల నాటి హార్ప్ విద్వాంసుడు టర్లో ఓకారొలన్ తనను ఆదరించిన పోషకుల పేరున కట్టిన బాణీలకు ఆ మాట వాడేవారు.

ఈ బృందం చేసినది ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీ ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. అంతకు ముందు అక్కడ రెండు దారులు ఉండేవి. ఒకటి వాద్యం లేకుండా ఒంటరిగా పాడే పాత పద్ధతి. రెండోది గిటారు మీద గట్టిగా తీగలు మీటుతూ నలుగురూ కలిసి పాడే బ్యాలడ్ పద్ధతి; చిన్నతనంలో క్రిస్టీ మూర్‌ను పాటవైపు లాగినది క్లాన్సీ సోదరుల ఈ రెండో పద్ధతే. ప్లాంక్స్‌టీ మూడో దారి వేసింది. గ్రీసు దేశపు తీగవాద్యం బుజూకీని జానీ మోయ్‌నిహన్ 1960ల నడుమ ఐర్లండ్ సంగీతంలోకి తెచ్చారు. దాన్ని లన్నీ చదునైన వీపు ఉండేలా చేయించుకొని వాయించారు. ఆ బుజూకీ, అర్విన్ మాండొలిన్ పాట వెనుక ఊరికే తాళం వేయవు. పాట నడుస్తుండగా దానికి పక్కనే మరో రెండు సన్నని స్వరమార్గాలు అల్లుతాయి. వాటి మీద ఓఫ్లిన్ ఇలిన్ పైప్స్ వచ్చి కలుస్తాయి. ఇవి నోటితో ఊదేవి కావు, మోచేతి కింద తిత్తిని నొక్కి పలికించేవి. 1973లో వచ్చిన మొదటి ఆల్బం మొదటి పాట వినండి. ‘ద రాగిల్ టాగిల్ జిప్సీ’ పాట ముగిసీ ముగియకముందే పాత హార్ప్ బాణీ ఒకటి దానిలోనుంచే పుట్టినట్టు మొదలవుతుంది. నేను ఆ కలయిక దగ్గర ఇప్పటికీ చేస్తున్న పని ఆపి కూర్చుంటాను.

వారు 1972లో గాల్వే పట్టణంలో గాయకుడు డోనవన్ కచేరీకి ముందుగా వాయించినప్పుడు ప్రేక్షకులు కేకలు వేశారు. దీపాల వెలుగులో ఎదుట ఏమీ కనిపించక, జనం తిరగబడుతున్నారేమోనని అర్విన్ కంగారుపడ్డారట. అది గలాటా కాదు, ఆనందం.

ఇప్పుడు ఆ ‘రాగిల్ టాగిల్ జిప్సీ’ ఎక్కడిదో చూడండి. జాన్ రైలీ అనే సంచారజాతి మనిషి దగ్గర దొరికిన పాట అది. ఆయన రేకుపని చేసుకొని బతికిన పేదవాడు. రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణంలో ఉండేవారు. పాటలు సేకరించే టామ్ మునెలీ 1960లలో ఆయన గొంతును రికార్డు చేశారు. రైలీకి తెలిసిన పాటల్లో ‘ద వెల్ బిలో ద వ్యాలీ’ ఒకటి. ఆ కథాగీతం జనం నోట ఎప్పుడో మాసిపోయిందని పండితులు అనుకుంటున్న సమయంలో, అది ఆయన దగ్గర బతికే ఉందని తేలింది. ఆయన మాత్రం 1969లో, నడివయసులోనే, పేదరికంలో చనిపోయారు. తన పాట ఒక దేశమంతా పాడుకోవడం ఆయన చూడలేదు. ప్లాంక్స్‌టీ రెండో ఆల్బంకు ఆ పాట పేరే పెట్టారు. తన పాటలకు మూలం ఎవరంటే క్రిస్టీ మూర్ ఈనాటికీ రైలీ పేరు చెబుతారు.

మాతువూ ధాతువూ ఆయనవి కాకపోయినా, ఆయన లేకపోతే ఆ పాట మీ దాకా వచ్చేది కాదు. పాటను మోసుకొచ్చినవారు ఆయన. నా మటుకు నేను ‘జానపద గాయకుడు’ అని రాసి, ఆ మాటకు గౌరవం తగ్గకుండా కిందనే రైలీ కథ చెబుతాను.

సమాధానం: దారిపాట

రెండో సందేహం గురించి నాకు తెలిసినది రాస్తాను. నేను ఆ ఉదంతాన్ని చాలాకాలంగా అనుసరిస్తున్నాను.

డబ్లిన్ ఉత్తర భాగంలోని ఆర్టేన్ పేటలో స్టార్‌డస్ట్ అనే నృత్యశాల ఉండేది. 1981 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, ప్రేమికుల రోజు వేడుకకు యువతీయువకులు వందల సంఖ్యలో చేరి ఉండగా అక్కడ మంటలు లేచాయి. 48 మంది చనిపోయారు. రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవారంతా 16 నుంచి 27 ఏళ్ళ లోపువారు, ఎక్కువమంది చుట్టుపక్కల ఉన్న శ్రామిక కుటుంబాల పిల్లలు. బయటకు పోయే తలుపుల్లో కొన్ని మూసి ఉన్నాయని, కొన్నిటికి అడ్డంకులు ఉన్నాయని, గొలుసులు వేసి ఉన్నాయని బయటపడినవారు చెప్పారు. 1982లో విచారణ సంఘం, ఎవరో నిప్పు పెట్టి ఉండవచ్చునన్న నిర్ణయానికి వచ్చింది. దానికి ఆధారం లేకపోయినా, ఆ ఒక్క మాట వల్ల యజమానులకు నష్టపరిహారం అందే వీలు కలిగింది. చచ్చిపోయిన పిల్లల మీద, బతికి బయటపడినవారి మీద అనుమానపు నీడ పడింది.

క్రిస్టీ మూర్ ఈ ఘటన మీద ‘దే నెవర్ కేమ్ హోమ్’ అనే పాట రాసి 1985లో ‘ఆర్డినరీ మ్యాన్’ ఆల్బంలో చేర్చారు. శ్రుతిపెట్టె గారూ, ఇది గమనించండి: ఈ పాట పూర్తిగా ఆయనదే. ఇళ్ళనుంచి అలంకరించుకొని బయలుదేరిన పిల్లలతో మొదలై, ఇంట్లో ఎదురుచూసే తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళి, మూసిన తలుపుల మాటను దాచకుండా చెబుతుంది. బాధితుల పరిహారపు వ్యాజ్యాలు అప్పటికి కోర్టుల్లో నడుస్తున్నాయి. తలుపులు మూసి ఉండడం వల్లనే ఈ మరణాలు జరిగాయని పాట ముందుగానే తీర్పు చెబుతోందని, అది కోర్టు ధిక్కారమని హైకోర్టు నిర్ణయించింది. ఆల్బంను అంగళ్ళనుంచి వెనక్కు రప్పించారు. ఆ పాట స్థానంలో ‘అనదర్ సాంగ్ ఈజ్ బోర్న్’ అనే మరో పాట పెట్టి మళ్ళీ విడుదల చేశారు. కాబట్టి ప్రభుత్వ నిషేధం అనడం సరికాదు, గాయకుడు తనంత తానుగా ఉపసంహరించుకున్నారనడమూ సరికాదు. కోర్టు ఆదేశం అని రాయండి.

కథ అక్కడితో ఆగలేదు. కుటుంబాలు నాలుగు దశాబ్దాలకు పైగా పోరాడాయి. నిప్పు పెట్టారన్న పాత నిర్ణయాన్ని 2009లో రికార్డునుంచి తొలగించారు. 2023లో మొదలైన కొత్త మరణ విచారణలో జ్యూరీ ప్రతి మృతుడి గురించీ సాక్ష్యం విన్నది. 2024 ఏప్రిల్ 18న, ఆ 48 మందివీ చట్టవిరుద్ధంగా జరిగిన హత్యలేనని తీర్పు చెప్పింది. మంటకు మూలం విద్యుత్ లోపమని, తలుపులు తాళాలతోనో గొలుసులతోనో అడ్డుకోబడి ఉండడం ప్రాణాలు పోవడానికి కారణమైందని తేల్చింది. కొద్ది రోజులకే ప్రధానమంత్రి సైమన్ హారిస్ పార్లమెంటులో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 1985లో పాడకూడదన్న మాటనే 2024లో జ్యూరీ తన తీర్పులో రాసింది. నడుమ గడిచిన 39 ఏళ్ళలో ఎందరు తల్లిదండ్రులు పోయారో తలచుకుంటే, ఆ పాట వినడం కష్టమవుతుంది.

ఆయన రాజకీయాల గురించి కూడా వ్యాసంలో దాటవేయకండి. 1978లో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని కార్న్‌సోర్ మొన దగ్గర అణువిద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదనకు వ్యతిరేకంగా జరిగిన సభల్లో ఆయన ముందుండి పాడారు. ఆ కేంద్రం కట్టలేదు, ఐర్లండ్‌లో ఈనాటికీ అణువిద్యుత్ కేంద్రం లేదు. ఉత్తర ఐర్లండ్ జైళ్ళలో రాజకీయ ఖైదీల పరిస్థితి మీద అదే ఏడాది నుంచి పాడారు. 1981 నిరాహారదీక్షలో మరణించిన పదిమందిలో మొదటివారైన బాబీ శాండ్స్ జైలులో రాసిన ‘బ్యాక్ హోమ్ ఇన్ డెరీ’ని 1984లో ‘రైడ్ ఆన్’ ఆల్బంలో పాడారు. ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలన్న సాయుధ పోరాటం పట్ల అప్పట్లో ఆయనకు సానుభూతి ఉండేది. 1987 నవంబరులో ఎనిస్కిలెన్ పట్టణంలో యుద్ధమృతుల స్మరణ సభ దగ్గర ఆ సాయుధులు పెట్టిన బాంబు పేలి సామాన్యులు చనిపోయాక, ఆయన ఆ మద్దతును వదులుకున్నారు. నాకు ఆయన మొదటి వైఖరితో ఏకీభావం లేదు. కాని అభిప్రాయం మారినప్పుడు మారిందని బహిరంగంగా ఒప్పుకున్న గాయకులు ఎక్కువమంది కనబడరు. 2004లో వేల్స్‌లోని హోలీహెడ్ రేవులో ఉగ్రవాద నిరోధక చట్టం కింద ఆయనను నిలిపి, పాటల గురించి కూడా ప్రశ్నించారు.

శ్రుతిపెట్టె

ఇద్దరికీ కృతజ్ఞతలు. దారిపాట గారు చెప్పిన వరుసను ఉన్నదున్నట్టు వాడుకుంటాను.

పాతరికార్డు గారితో మాత్రం ఒక చోట తగాదా ఉంది. సంప్రదాయ గీతాల విషయంలో ‘మోసుకొచ్చినవారు’ అన్న మాట బాగా కుదిరింది. రైలీ కథ విన్నాక దాన్ని కాదనలేను. కాని దారిపాట గారు చెప్పిన ‘దే నెవర్ కేమ్ హోమ్’ ఎవరో ఇస్తే మోసుకొచ్చినది కాదు. తానే రాసి, తానే పాడి, దానికోసం తానే కోర్టు ముందు నిలబడ్డారు. ఆ పాటను ముందు పెట్టుకొని ‘గాయకుడు’ అని మాత్రమే రాస్తే సగమే చెప్పినట్టు ఉంటుంది. ఇంకోవైపు ‘బ్యాక్ హోమ్ ఇన్ డెరీ’ మాటలు బాబీ శాండ్స్‌వి, బాణీ కెనడా గాయకుడు గోర్డన్ లైట్‌ఫుట్ ఓడ మునక మీద కట్టిన పాటది. అంటే మాతువు ఒకరిది, ధాతువు ఒకరిది, గొంతు మూడోవారిది. ఇంత కలగాపులగంగా ఉన్నచోట మన పాత మాటలు పనిచేస్తాయా?

సమాధానం: మంద్రస్థాయి

ఈ చర్చ చదువుతుంటే ఎవరూ ఆయన సొంత రచనల దగ్గర తగినంతసేపు ఆగలేదనిపించింది. పాతరికార్డు గారు ప్లాంక్స్‌టీ మీద ప్రేమతో రాశారు. ఆ ప్రేమ నాకూ ఉంది. కాని క్రిస్టీ మూర్ ఆ బృందంలో మొదట ఉన్నది రెండున్నరేళ్ళే. 1974లో బయటకు వచ్చి ఒంటరిగా పాడడం మొదలుపెట్టారు. 1979 ప్రాంతంలో బృందం మళ్ళీ కూడింది. 1981లో లన్నీతో కలిసి పైప్స్, శాక్సఫోన్, విద్యుత్ గిటార్లు ఒకే వేదిక మీదకు తెచ్చిన మూవింగ్ హార్ట్స్ అనే బృందాన్ని స్థాపించి, మరుసటి ఏడాదే దాన్నీ వదిలారు. ఎంత గొప్ప వాద్యబృందం మధ్య ఉన్నా, కొంతకాలానికి ఒక గిటారుతో, లేకపోతే బౌరాన్ అనే ఆ డప్పువంటి వాద్యంతో ఒక్కడే నిలబడాలన్న కోరిక ఆయనను బయటకు లాగింది. సొంత పాటలు ఎక్కువగా పుట్టింది ఆ ఒంటరి కచేరీల్లోనే.

‘వివా లా కింతా బ్రిగాదా’ తీసుకోండి. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో సైన్యానికి ఎదురు నిలిచి పోరాడిన ఐర్లండ్ స్వచ్ఛంద సైనికుల మీద పాట అది. ఆ యుద్ధంలో స్వయంగా పోరాడిన మైకేల్ ఓరియర్డన్ రాసిన పుస్తకం చదివి ఆయన దాన్ని కట్టారు. 1983 ఆల్బంలో వచ్చింది. ఆ పాటలో చనిపోయినవారి పేర్లు వరుసగా వస్తాయి. ఊరికే పేర్లు చదివితే పట్టిక అవుతుంది. ఆయన పాడితే ఒక్కొక్కరు లేచి నిలబడి హాజరు పలుకుతున్నట్టు ఉంటుంది. వారు పోరాడినది పదిహేనో బ్రిగేడ్‌లో, పాట పేరులో ఉన్నది ‘ఐదో’ అన్న స్పానిష్ మాట. ఆ పొరపాటు పాటతోపాటే జనంలోకి వెళ్ళిపోయింది. మీ వ్యాసంలో పేరును అనువదించేటప్పుడు జాగ్రత్తపడండి.

‘డెలీరియమ్ ట్రెమెన్స్’ నవ్వించే పాట. తాగుడు మానబోతున్న మనిషికి పీడకలలో కనిపించే వింతలన్నీ వరసపెట్టి చెబుతుంది, వాటిలో ఐర్లండ్ రాజకీయ నాయకులూ ఉంటారు. సభలన్నీ పగలబడి నవ్వాయి. ఆ పాట వచ్చినది 1985లో. 1987లో ఆయనకు గుండెపోటు వచ్చింది. తాగుడు నిజంగా మానినది 1989లో. నాలుగేళ్ళపాటు తన జబ్బునే పాటగా పాడి జనాన్ని నవ్విస్తూ వచ్చిన మనిషి గురించి ఆలోచించాక, ఆ పాట నాకు మునుపటిలా వినబడడం లేదు. దీన్ని రాయాలంటే చేతిలో పదాల నేర్పు ఉంటే చాలదు.

‘లిస్డూన్‌వార్నా’ క్లేర్ కౌంటీలో ఏటా జరిగిన సంగీతోత్సవం మీద కట్టినది. సగం మాటగా, సగం పాటగా పరుగెడుతుంది. ‘జాక్సర్ గోస్ టు స్టుట్‌గార్ట్’ 1988 జూన్ 12న ఐరోపా ఫుట్‌బాల్ పోటీలో ఇంగ్లండ్ మీద ఐర్లండ్ 1-0తో గెలిచిన రోజు ముచ్చట. 1996లో మాదకద్రవ్య ముఠాల గుట్టు రాసినందుకు హత్యకు గురైన విలేకరి వెరోనికా గెరిన్ మీద మరొక పాట రాశారు. అదే 1996లో వచ్చిన ‘గ్రాఫిటీ టంగ్’ ఆల్బంలో అత్యధిక భాగం ఆయన రచనే. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి: నృత్యశాల మంట, ఫుట్‌బాల్ ఆట, యుద్ధమృతులు, సంగీతోత్సవం, హత్యకు గురైన విలేకరి. ఐర్లండ్‌లో యాభై ఏళ్ళలో జనం నోట నలిగినవాటిలో చాలా విషయాలు ఆయన పాటల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని ఆయన రాశారు. మిగిలినవాటిని రాసినవారిని వెదికి పట్టుకున్నారు. ఆ వెదకడంలో ఉన్న చూపు, రాయడంలో ఉన్న చూపు నాకు ఒకటిగానే కనిపిస్తాయి.

పరాయి పాటను కూడా ఆయన ఉన్నది ఉన్నట్టు పాడరు. నడక మందగిస్తుంది, కొన్ని మాటలు మారతాయి, ఒక చరణం గుసగుసగా తగ్గుతుంది. 1994లో డబ్లిన్‌లోని పాయింట్ థియేటర్‌లో చేసిన ప్రత్యక్ష రికార్డింగు వింటే ఈ సంగతి తెలుస్తుంది. వేల మంది ఉన్న హాలు అది, వేదిక మీద ఒక్క మనిషి, ఒక్క గిటారు. పాట మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఆయన సహించరని పేరు. అది కోపిష్ఠితనం కాదని నా నమ్మకం. నిశ్శబ్దం ఆయనకు రెండో వాద్యం. ఆ తీవ్రతకు మూల్యం కూడా చెల్లించారు. 1990ల చివర మనసూ శరీరమూ పూర్తిగా అలసిపోయి, కచేరీలు మాని చాలాకాలం ఇంటిపట్టునే ఉన్నారు. 2000లో తన జీవితాన్ని పాటల వరుసలోనే చెప్పుకున్న ఆత్మకథ వచ్చింది. ఆ తరువాత మెల్లగా, తక్కువ సంఖ్యలో, మళ్ళీ వేదికలెక్కారు. ‘ఎ టెరిబుల్ బ్యూటీ’ ఆల్బం 2024లో వచ్చేనాటికి ఆయనకు 79 ఏళ్ళు.

ఇక మాట సంగతి. శ్రుతిపెట్టె గారూ, మనకు ‘పాటగాడు’ అనే మాట ఉన్నది కదా. పాట పాడేవాడూ పాటగాడే, కట్టేవాడూ పాటగాడే, పదిమంది పాటలు మూటకట్టుకొని తిరిగేవాడూ పాటగాడే. శాస్త్రం మాతువును, ధాతువును విడదీసి కొలిచింది, ఈ మాట విడదీయదు. గౌరవవాచకం లేకుండా రాయడం మీకు ఇబ్బంది అనిపించవచ్చు. కాని అది ఆయన ఇష్టపడే నిరాడంబరతకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

పాతరికార్డు

మంద్రస్థాయి గారి సవరణను ఒప్పుకుంటున్నాను. ఆయన సొంత పాటలను నేను తక్కువగా చెప్పాను. నా చెవి ఎప్పుడూ 1973 దగ్గరే ఉండిపోవడం దానికి కారణం.

ఒక్క విషయం మాత్రం చేర్చాలి. 2004 జనవరిలో ప్లాంక్స్‌టీ నలుగురూ రెండు దశాబ్దాల ఎడబాటు తరువాత ఒకే వేదిక మీద కూర్చున్నారు. మొదట క్లేర్ కౌంటీలోని ఎనిస్‌లోను, తరువాత డబ్లిన్‌లోని వికర్ స్ట్రీట్‌లోను కచేరీలు జరిగాయి, వాటి రికార్డింగు దొరుకుతుంది. ఇరవైల్లో వాయించిన స్వరాలనే అరవైకి దగ్గరపడిన వేళ్ళు వాయిస్తున్నాయి. వేగం కొంచెం తగ్గింది, పాట మరింత లోతుగా దిగింది. లియమ్ ఓఫ్లిన్ 2018 మార్చిలో పోయారు కాబట్టి ఆ నలుగురి కలయిక మళ్ళీ లేదు. వ్యాసంలో పాఠకులకు వినమని చెప్పే రికార్డుల్లో దీన్ని కూడా ఉంచండి.

శ్రుతిపెట్టె

‘పాటగాడు’ అని రాస్తున్నాను. రెండు రోజులుగా నాలుక చివర ఉండి పలకని మాట అది. మొదటి వాక్యం ఇలా వచ్చింది: “క్రిస్టీ మూర్ ఐర్లండ్ పాటగాడు, తాను కట్టిన పాటలకు తానే పూచీ పడ్డారు, తనవి కాని పాటలకు వాటి సొంతదారుల పేర్లు చెప్పారు.” రెండో సగం జాన్ రైలీ కోసం, మొదటి సగం స్టార్‌డస్ట్ పాట కోసం.

పాఠకులు వినే వరుస కూడా ఖాయం చేసుకున్నాను. ముందు 1973 ప్లాంక్స్‌టీ ఆల్బం, తరువాత ‘రైడ్ ఆన్’, ఆ తరువాత పాయింట్ థియేటర్ రికార్డింగు, చివర 2004 కలయిక. ‘దే నెవర్ కేమ్ హోమ్’ను ఈ వరుసలో పెట్టలేదు. దానికి వేరే పేరా ఇచ్చి, 48 మంది మాట, 2024 తీర్పు మాట చెప్పాకే పాట పేరు రాస్తాను. అచ్చుకు పంపే ముందు ఆ ఒక్క పేరాను ఇక్కడ పెడతాను. దారిపాట గారు ఒకసారి చూసి తేదీలు సరిచూడగలరని కోరుతున్నాను.